తూగని బంగారం

ఈమధ్య తెనాలిలో శ్రీకృష్ణ తులాభారం నాటకం చూశాను. రేపల్లె నుంచి రైల్లో వచ్చిన మా పిన్ని నా పక్కనే కూర్చుంది. సత్యభామ ఒంటిమీది నగలు ఒలిచి త్రాసులో వేస్తుంటే హాలంతా నవ్వింది. పిన్ని నవ్వలేదు. "అన్నీ ఇచ్చేసిందే, పిచ్చిది" అంది.

ముత్తరాజు సుబ్బారావు రాసిన ఈ నాటకాన్ని ఇంతకాలం సత్య గర్వభంగం కథగానే చదువుకున్నాం. భర్త తనొక్కదానికే దక్కాలని ఆమె కృష్ణుణ్ణి నారదుడికి దానమిస్తుంది. తిరిగి కొనుక్కోబోతే ఎంత బంగారం వేసినా ముల్లు కదలదు. రుక్మిణి వేసిన ఒక్క తులసిదళానికి తూగుతాడు. దానికి భక్తి అని పేరు పెట్టాం. భర్త ముందు భార్య ఎలా ఉండాలో చెప్పే పాఠం కూడా అందులోనే ఉంది.

సత్యను ఈ ప్రాంతానికి మరపురాని పాత్రగా చేసింది స్థానం నరసింహారావు. ఆయన 1902లో బాపట్లలో పుట్టారు, తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాలతో పేరు పొందారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. భర్త తన మాట దాటలేడన్న ధీమాతో సత్య పాడే పాట కూడా ఆయనే రాసుకున్నారు. నడకా, చూపూ, కోపమూ నేర్చుకుంటే వచ్చేవేనని, ఆడతనం పుట్టుకతో వచ్చేది కాదని ఆయన నటన రుజువు చేసింది. సత్య అహంకారాన్ని అంత అందంగా చూపిన రంగస్థలం ఆమె నష్టాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. మొన్న ఆ వేషం వేసింది స్త్రీయే. అయినా నగలు తీసే ఘట్టాన్ని హాస్యంగానే నడిపారు. ఒక్క గాజు దగ్గరైనా ఆమె చెయ్యి ఆగలేదు.

పిన్ని పెళ్ళి 1982లో అయింది. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టసవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. పొలం మామయ్యలకు పోయింది. పిన్నికి దక్కింది పన్నెండు కాసుల బంగారం. స్త్రీధనం పూర్తిగా భార్య సొంతమని సుప్రీంకోర్టు చెప్పిందీ 1985లోనే. పిన్ని నగలు మాత్రం రొయ్యల చెరువు అప్పుకింద ఒక్కొక్కటే తాకట్టుకు వెళ్ళాయి. రసీదులన్నీ బాబాయి పేరున ఉన్నాయి.

మర్నాడు రేపల్లె రైలెక్కుతూ పిన్ని అడిగింది: "ఇంతకీ, మొగుడు తులసాకుకే తూగాడు కదా, ఆ నగలు సత్యకు తిరిగిచ్చారంటావా?"

మేం చూసిన నాటకంలో ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అన్నేళ్ళు సాహిత్యం చదివిన నాకూ ఆ ప్రశ్న తట్టలేదు.