పొరుగు భాషల తోవ: భండారు అచ్చమాంబ, కొమర్రాజు లక్ష్మణరావుల భాషాభ్యాసం – రచనలపై దాని ముద్ర

వ్యాససంగ్రహం:
ఆధునిక తెలుగు సాహిత్యచరిత్రలో పలువురిని ‘బహుభాషాకోవిదులు’ అని ప్రస్తావించడం పరిపాటి. వారికి ఏయే భాషలు వచ్చునో చెప్పే చరిత్రలు, ఆ భాషలు వారికి ఎలా వచ్చాయో విచారించడం అరుదు. కృష్ణాజిల్లా మెట్టప్రాంతానికి చెందిన భండారు అచ్చమాంబ, కొమర్రాజు లక్ష్మణరావులు ఒకే ఇంట్లో ఉంటూ పొరుగు భాషలు నేర్చుకున్నారు. అయితే ఇద్దరూ నేర్చిన మార్గాలు వేరు. ఆ భేదం వారి రచనల స్వరూపంలో ఎలా కనిపిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: భాషాభ్యాసం, మరాఠీ, సరిహద్దు, స్త్రీవిద్య, జీవితచరిత్ర, విజ్ఞానసర్వస్వం.

ఉపోద్ఘాతం:
ఒక రచయితకు ఐదారు భాషలు వచ్చునని చెప్పినప్పుడు పాఠకునికి కలిగేది గౌరవం మాత్రమే. ఆ భాష బడిలో వచ్చిందా, కొలువు కోసం వచ్చిందా, పొరుగింటి మాటలు వింటూ వచ్చిందా అన్నది తెలిసినప్పుడు రచనను చదివే తీరు మారుతుంది. పరీక్ష కోసం నేర్చిన భాష, ఇంటి అవసరానికి నేర్చిన భాష రచయితకు ఒకే రకమైన సామగ్రిని ఇవ్వవు. తెలుగులో ఆధునికత ప్రధానంగా ఇంగ్లీషు చదువు వల్లనే వచ్చిందనే అభిప్రాయం బలంగా ఉంది. ఇందులో నిజం లేకపోలేదు. కాని మరాఠీ, హిందీ, బెంగాలీ వంటి పొరుగు భాషల గుండా వచ్చిన మరొక తోవ ఈ అభిప్రాయం చాటున మరుగునపడిపోయింది. ఆ తోవకు మంచి నిదర్శనం ఈ అక్కాతమ్ముళ్ల జీవితం.

1. గరికపాడు పరిసరాలు: సరిహద్దు, భాష
హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై జగ్గయ్యపేట మండలంలోని గరికపాడు నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల సరిహద్దు గ్రామం. 1948కి ముందు కూడా ఈ ప్రాంతం సరిహద్దే. ఇటు మద్రాసు రాజధానిలోని కృష్ణాజిల్లా, అటు నిజాము రాజ్యం. ఇటు పైఅధికారుల భాష ఇంగ్లీషు. అటు పార్సీ స్థానంలో 19వ శతాబ్ది చివరి దశాబ్దాల నుంచి ఉర్దూ అధికారభాష. రెండు వైపులా జనం మాట్లాడేది తెలుగే.

సరిహద్దు పాలనను విడదీసినంతగా పలుకుబడిని విడదీయలేదు. జిల్లా, తాలూకా, రైతు, వకీలు, దస్తావేజు, జప్తు వంటి అరబ్బీ, పార్సీ మూలాల మాటలు కంపెనీ పాలనకు ముందే తెలుగులో స్థిరపడ్డాయి. అందువల్ల అవి రెండు వైపులా వాడుకలో నిలిచాయి. ఇటు వాటి పక్కన కోర్టు, కలెక్టరు, స్టేషను చేరాయి. ఈ మాటలను రైతు ఏ బడిలోనూ నేర్చుకోలేదు. పన్ను కట్టే చోట, వ్యాజ్యం వేసే చోట అవి అతనికి అబ్బాయి.

పాలన సరిహద్దు కూడా తిన్నని గీత కాదు. కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోని మునగాల పరగణా చుట్టూ నిజాము భూభాగమే ఉండేది. ఆ పరగణా 1959లో నల్లగొండ జిల్లాలో కలిసింది. ఇటువంటి ప్రాంతంలో ఊరు దాటడమంటే కొన్నిసార్లు రాజ్యం దాటడమే, అధికారభాష మారడమే. లక్ష్మణరావు జీవితం ఈ రాకపోకల మధ్యనే మొదలైంది.

2. అక్క ఇల్లు, తమ్ముడి చదువు
కొమర్రాజు వెంకటలక్ష్మణరావు 1877 మే 18న నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో జన్మించారు. అక్క అచ్చమాంబ 1874లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో లక్ష్మణరావు ప్రాథమిక విద్య సవతి అన్నగారి ఆదరణలో నిజాము రాజ్యంలోని భువనగిరిలో సాగింది. అచ్చమాంబకు పసితనంలోనే వివాహమైంది. భర్త భండారు మాధవరావు మధ్యపరగణాలలో ఇంజనీరు ఉద్యోగి. తరువాత లక్ష్మణరావు నాగపూరులో అక్కాబావల వద్ద ఉండి చదువుకున్నారు. అక్కడ మరాఠీ ఆయనకు రెండవ మాతృభాష వంటిదైంది. మరాఠీ పత్రికలకు వ్యాసాలు రాసే స్థాయికి ఆయన చేరారు. తరువాత ఎం.ఏ. పట్టం పొందారు.

అచ్చమాంబకు వివాహానికి ముందు బడిచదువు లేదు. తమ్మునికి చదువు చెప్పే సందర్భంలో తానూ కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకున్నారని ఆమె జీవితచరిత్రకారులు చెప్తారు. క్రమంగా మరాఠీ, బెంగాలీ వంటి భాషలతోను, కొంత సంస్కృతంతోను ఆమెకు పరిచయం కలిగింది.

ఈ వృత్తాంతాన్ని సాధారణంగా ‘తమ్ముని ప్రోత్సాహంతో అక్క విదుషీమణి అయ్యింది’ అనే రీతిలో చెప్పడం కనిపిస్తుంది. ఈ వాక్యం తప్పు కాదు, అసంపూర్ణం. తమ్ముడు నాగపూరులో చదువుకోగలగడానికి ఆధారం అక్క సంసారమే. మరాఠీ సీమలో అతనికి నీడనిచ్చినది ఆమె ఇల్లు. కాబట్టి తెలుగు చరిత్రరచనకు మరాఠీని చేరువ చేసిన సందర్భాలలో ఒకటి కళాశాల అయితే, దానికంటే ముందుది ఒక స్త్రీ అత్తవారిల్లు. అక్క లేకపోతే తమ్ముడికి ఆ భాష లేదు, తమ్ముని పాఠం లేకపోతే అక్కకు అక్షరం లేదు. ఈ పరస్పరతను గుర్తించకుండా ఒకరిని గురువుగా, మరొకరిని శిష్యురాలిగా నిలపడం సాహిత్యచరిత్ర అలవాటుగా చేసే పొరపాటు.

ఇద్దరి అభ్యాసంలోని తేడాను కూడా గుర్తించవలసి ఉంది. లక్ష్మణరావు భాషాభ్యాసానికి పాఠ్యక్రమం, పరీక్ష, పట్టం ఉన్నాయి. అచ్చమాంబ అభ్యాసానికి ఇవేవీ లేవు. ఆమె భాషలు నేర్చినందుకు ఎవరూ యోగ్యతాపత్రం ఇవ్వలేదు. చదివిన దానిని తిరిగి రాయడం ఒక్కటే ఆమెకు రుజువు.

3. అచ్చమాంబ రచనలు: జీవితాలు, సంభాషణలు
1901లో వెలువడిన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం వివిధ ప్రాంతాల చారిత్రక స్త్రీల జీవితచరిత్రల సంకలనం. స్త్రీలు బుద్ధిహీనులన్న ఆక్షేపణ నిరాధారమనీ, చదువు వల్ల స్త్రీలు చెడిపోరనీ నిరూపించడం దాని లక్ష్యం. ఈ లక్ష్యానికి ఆమె ఎంచుకున్న పద్ధతి గమనింపదగినది. ఆమె సిద్ధాంతచర్చపై ఆధారపడలేదు, ఉదాహరణలను పేర్చారు. ఒక్క తెలుగు మాత్రమే తెలిసిన రచయిత్రికి ఇన్ని ప్రాంతాల స్త్రీల చరిత్రలు అందుబాటులో ఉండే కాలం కాదు అది. పొరుగు భాషల పుస్తకాలను చదవగలిగిన స్త్రీకే ఈ వాదం సాధ్యం. స్త్రీ చదువుకోగలదన్న ప్రతిపాదనకు లోపలి ఉదాహరణలు ఎంత సాక్ష్యమో, వాటిని సేకరించగలిగిన రచయిత్రి భాషాజ్ఞానం అంతకంటే బలమైన సాక్ష్యం. ఈ గ్రంథంలో వాదమూ వాదించేవారి జీవితమూ ఒకటయ్యాయి.

1902లో ‘హిందూసుందరి’ పత్రికలో వెలువడిన ‘ధనత్రయోదశి’ కథను ఇంతవరకు ఎక్కువగా ‘తెలుగులో తొలి కథ ఏది’ అనే వివాదంలో భాగంగానే చర్చించారు. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది గనుక కాలక్రమంలో అచ్చమాంబ కథ ముందుదన్న వాదం సమంజసమే. అయితే తేదీల చర్చ శీర్షికను కప్పివేసింది. కృష్ణాజిల్లా పల్లెల సంప్రదాయంలో దీపావళి అంటే ప్రధానంగా నరకచతుర్దశి, అమావాస్య. ధనత్రయోదశిని లక్ష్మీపూజతో, వ్యాపారుల సంబరంతో ఘనంగా జరుపుకోవడం పశ్చిమ, మధ్య భారతాల వాడుక. పేదరికంలో తప్పుదారి తొక్కబోయిన భర్తను ఆ పండుగ వేళ భార్య నిలువరించడం కథలోని ప్రధానాంశం. ధనాన్ని పూజించే రోజున పరధనాన్ని తిరస్కరించడమే ఇందులోని బిగువు. ఆ పండుగ తెలిసిన వీధిలో బతికిన రచయిత్రికి ఈ బిగువు సహజంగా దొరికింది. ఇది మరాఠీ కథకు అనుసరణ అని చెప్పడం కాదు. వేరే భాషా సమాజంలో జీవించడం వల్ల తెలుగు కథకు ఒక కొత్త సందర్భం లభించిందని మాత్రమే ఇక్కడి ప్రతిపాదన.

‘స్త్రీవిద్య’, ‘భార్యాభర్తల సంవాదము’ వంటి ఆమె రచనల పేర్లే విషయాన్ని, పద్ధతిని సూచిస్తాయి. వాటిలో చదువు గురించిన ఆలోచన ఇంటిలోపలి మాటగా సాగుతుంది. చదువు ఇంటి సంభాషణలో భాగంగా లభించిన రచయిత్రి, చదువును గురించి సంభాషణ రూపంలో రాయడం యాదృచ్ఛికం కాదు.

4. లక్ష్మణరావు రచనలు: ఆధారం, వర్గీకరణ
లక్ష్మణరావు తొలి ప్రసిద్ధ గ్రంథం ‘శివాజీ చరిత్రము’. ఆయన నాగపూరులో చదువుకున్న 1890లలో బాలగంగాధర తిలక్ శివాజీ ఉత్సవాలను ప్రజోత్సవాలుగా మలిచారు. 1898లో విశ్వనాథ కాశీనాథ రాజవాడే మరాఠా చరిత్రకు సంబంధించిన పత్రాల ప్రచురణ ప్రారంభించారు. చరిత్ర అంటే ప్రశస్తి కాదు, ఆధారాల పరిశీలన అనే దృష్టి మరాఠీలో బలపడుతున్న రోజులవి. ‘లక్ష్మణరాయ వ్యాసావళి’లో శాసనాల పట్ల, కాలనిర్ణయం పట్ల కనిపించే పట్టుదలను ఈ నేపథ్యంలో చూడాలి. ఇంగ్లీషు చదువు ఆయనకు పద్ధతిని పరిచయం చేసి ఉండవచ్చు. ఆ పద్ధతిని దేశభాషలో ఆచరించవచ్చునన్న ధైర్యాన్ని ఇచ్చినది మరాఠీ.

ఆయన మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాల స్థాపనలో ప్రముఖపాత్ర వహించారు. ఉర్దూ రాజ్యమేలే నగరంలో తెలుగు గ్రంథాలయం అవసరమని గుర్తించడానికి, తెలుగు కాని సీమలో తెలుగువాడుగా పెరిగిన అనుభవం తోడ్పడి ఉంటుంది. పరాయి భాషలో సులువుగా మసలగలిగినవానికే తన భాషలో ఏమి లేదో స్పష్టంగా తెలుస్తుంది. ఆ లోటుల పట్టికను ఆయన ‘ఆంధ్ర విజ్ఞానసర్వస్వము’గా మార్చదలచారు. 1923లో మరణించే నాటికి మూడు సంపుటాలే పూర్తయ్యాయి. కేత్కర్ మరాఠీ జ్ఞానకోశ సంపుటాలు వెలువడినది 1920లలో. అంతకుముందే లక్ష్మణరావు తెలుగులో ఆ పని ప్రారంభించారు. కనుక మరాఠీతో ఆయన సంబంధాన్ని అనుకరణగా భావించనక్కరలేదు. నేర్చిన భాష ఆయనకు కొలమానమైంది, మూస కాలేదు.

అక్క రచన జీవితచరిత్రల వైపు, తమ్ముని రచన వర్గీకరణ వైపు సాగాయి. ఒకరికి పుస్తకం ఇంటి సంభాషణకు కొనసాగింపు. మరొకరికి అది విద్యాసంస్థకు ప్రత్యామ్నాయం. ఇద్దరి ఉద్దేశం ఒక్కటే, తమకు అందినది తెలుగు మాత్రమే చదవగలిగినవారికి అందించడం.

5. సరిహద్దుకు అవతల: ఒక పోలిక
భాష నేర్చిన తీరే రచనను పూర్తిగా నిర్ణయిస్తుందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. సరిహద్దుకు అవతల, తరువాతి తరంలో దాశరథి కృష్ణమాచార్య అనుభవం ఇందుకు హెచ్చరిక. 1925లో జన్మించిన ఆయనకు ఉర్దూ పాలకుల భాషగా, బడిభాషగా వచ్చింది. ఆ పాలనను ధిక్కరించి జైలుకు వెళ్లి, ‘అగ్నిధార’ వంటి కవిత్వం తెలుగులో రాసిన కవే, గాలిబును ‘గాలిబ్ గీతాలు’గా తెలుగువారికి ఆత్మీయుణ్ని చేశారు. విధిగా నేర్చిన భాష ప్రేమించిన భాషగా మారింది. అధికారంపై ఆగ్రహం భాషపై ద్వేషం కాలేదు.

అయినా ఈ ఉదాహరణ ప్రధాన ప్రతిపాదనను కొట్టివేయదు. ఉర్దూ తనకు ఎలా వచ్చిందో తెలిసినప్పుడే ఆయన గాలిబు అనువాదం విలువ పూర్తిగా బోధపడుతుంది. అభ్యాసమార్గం రచనను శాసించకపోవచ్చు. రచయిత ఆ మార్గానికి చెప్పిన సమాధానంగా రచనను చదివే వీలు మాత్రం కల్పిస్తుంది.

ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ఆధునిక తెలుగు వచనానికి ఇంగ్లీషుతో పాటు మరాఠీ వంటి పొరుగు భాషలు కూడా తోవ చూపాయి. రెండు, ఆ తోవ తెరుచుకున్నది కళాశాలల్లోనే కాదు, కుటుంబాల వలసలలో, స్త్రీల కాపురాలలో కూడా. మూడు, ‘బహుభాషాకోవిదుడు’ అన్న బిరుదు రచయితను గౌరవిస్తుంది గాని రచనను వివరించదు.

అచ్చమాంబ 1905లో ముప్పయ్యేళ్ల వయసులో మరణించారు. ‘రత్నమాల’ ఆమె సంకల్పించినంత మేరకు పూర్తికాలేదు. తమ్ముని సర్వస్వమూ పూర్తికాలేదు. ఈ రెండు అసంపూర్ణ గ్రంథాలను ఇంతవరకు స్త్రీసాహిత్యం, విజ్ఞానసాహిత్యం అనే వేర్వేరు శీర్షికల కింద చదువుతున్నారు. ఒకే ఇంట్లో నేర్చిన భాషల నుంచి పుట్టిన జంటరచనలుగా వాటిని పక్కపక్కన ఉంచి చదివితే, పెనుగంచిప్రోలు నుంచి నాగపూరు వరకు సాగి తిరిగి తెలుగులోకి వచ్చిన ఒక ప్రయాణం కనిపిస్తుంది. ఆ ప్రయాణంలో అక్కది ముందడుగు.