ఒక్క పోర్టు, అదీ మన చేత్తో

ధర్మవరంలో తీసిన పెళ్లి వీడియో పదుల జీబీలు ఉంటుంది. దాన్ని బెంగళూరులోని బంధువులకు పంపాలంటే పెన్‌డ్రైవ్‌లో వేసి ఎవరి చేతికైనా ఇస్తాం, లేదంటే గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తాం. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిళ్లు, ఫొటోలు కూడా సర్దుకోవాలి. నిజానికి రెండు ఇళ్లలోనూ కంప్యూటర్ ఉంది, నెట్ లైను ఉంది. ఫైలు నేరుగా ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి వెళ్లవచ్చు. వెళ్లకపోవడానికి ముఖ్య కారణం, కేబుల్ ఆపరేటర్ మనిషి బిగించి వెళ్లిన వైఫై బాక్సు, అంటే రౌటర్, సెట్టింగుల జోలికి మనం పోకపోవడమే. నెట్ లైను తీసుకోవడానికే కాదు, ఇవ్వడానికి కూడా. ఆ ఇచ్చే దారిని ఇంటివాళ్లే తెలిసి, తమ చేత్తో, కావలసినంత మేరకే రౌటర్‌లో ఏర్పరచుకోవాలన్నది నా వాదన.

రౌటర్ సహజంగా లోపలి కంప్యూటర్ అడిగినదానికి వచ్చే జవాబునే రానిస్తుంది. బయటివారు తమంతట తాము పలకరిస్తే పట్టించుకోదు. వెబ్‌సైట్లు చూసుకునేవారికి ఇది చాలు, ఫైళ్లు పంచుకునేవారికి చాలదు. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంట్ అనే పద్ధతిలో ఫైలు ముక్కలవుతుంది. తీసుకునే ప్రతివారూ తమకు అందిన ముక్కలను ఇతరులకు ఇస్తారు. రెండు వైపులా రౌటర్లు మూసి ఉంటే ఆ ఇద్దరూ నేరుగా కలవడం కష్టం, ఒకవైపు పోర్టు, అంటే బయటివారి పలకరింపును లోపలికి రానిచ్చే సంఖ్య గల ద్వారం, తెరిచి ఉన్నా పని జరిగిపోతుంది. అంటే ఒక ఇల్లు సరిగ్గా సెట్ చేసుకుంటే లాభం ఆ ఇంటికే కాదు, తెరుచుకునే వీలులేని ఎన్నో ఇళ్లకు. రెండు ఇళ్ల మధ్య ఒక ఫోల్డర్‌ను ఒకేలా ఉంచే సింక్‌థింగ్ అనే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే వర్తిస్తుంది. నేరుగా కలవలేనప్పుడు అది మధ్యలో మరో సర్వర్ మీదుగా వెళ్తుంది, వేగం బాగా పడిపోతుంది.

పోర్టు తెరిస్తే హ్యాకర్లు జొరబడరా అన్నది మొదటి అభ్యంతరం. భయం నిజమైనదే, కానీ అది ఎలా తెరుస్తామన్నదాని మీద ఉంటుంది. చెరువుకు తూము పెట్టేది కట్ట తెంచడానికి కాదు, ఆయకట్టుకు ఎంత కావాలో అంతే వదలడానికి. ముందు రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాలి. 2016లో మిరాయి వైరస్ లక్షల కెమెరాలను, రౌటర్లను లొంగదీసుకున్నది కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లను ఎవరూ మార్చకపోవడం వల్లనే. తర్వాత ఫైళ్లు పంచే కంప్యూటర్‌కు ఇంటి లోపల ఎప్పుడూ ఒకే ఐపీ అడ్రస్ దక్కేలా దాని మ్యాక్ అడ్రస్‌తో (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యతో) రిజర్వు చేయాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చాక అడ్రస్ మారి మన ఏర్పాటు దారి తప్పుతుంది. ఇక 49152 నుంచి 65535 లోపు ఒక్క పోర్టును ఎంచుకుని, టీసీపీ, యూడీపీ రెండింటికీ ఆ కంప్యూటర్‌కు ఫార్వర్డ్ చేసి, అదే సంఖ్యను సాఫ్ట్‌వేర్‌లోనూ రాయాలి. ఇంత శ్రమ ఎందుకు, సాఫ్ట్‌వేర్ అడిగితే పోర్టును దానంతటదే తెరిచే యూపీఎన్‌పీ ఆన్ చేస్తే అదే చూసుకుంటుంది కదా అంటారు. ఇళ్లలో వాడే రౌటర్లలో యూపీఎన్‌పీ సాధారణంగా పాస్‌వర్డ్ అడగదు. టొరెంట్ సాఫ్ట్‌వేర్ అడిగినా, ఇంట్లో చేరిన వైరస్ అడిగినా ఒకేలా తెరుస్తుంది. అందుకే అది ఆఫ్‌లోనే ఉండాలి. కంప్యూటర్ మొత్తాన్ని బయటపెట్టే డీఎంజెడ్ జోలికి అసలు పోకూడదు. అప్‌లోడ్‌కు కూడా లైను వేగం కంటే తక్కువగా పరిమితి పెట్టాలి, లేకుంటే ఇంట్లో వీడియో కాల్ ఆగి ఆగి వస్తుంది.

ఇదంతా సినిమాలు దొంగిలించడానికేగా అన్నది రెండో అభ్యంతరం. కొత్త సినిమాను ఇలా పంచడం 1957 నాటి కాపీరైట్ చట్టం కింద నేరం, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. దాన్ని సమర్థించే ఉద్దేశం నాకు ఏమాత్రం లేదు. అయితే ఉచిత సాఫ్ట్‌వేర్లైన ఉబుంటు, లిబ్రెఆఫీస్‌లను వాటిని తయారుచేసినవారే టొరెంట్‌గా ఇస్తున్నారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు కోకొల్లలు, ఆ సంస్థ కూడా తన ఫైళ్లకు టొరెంట్లు ఇస్తుంది. రచయిత పోయిన 60 ఏళ్లకు రచన అందరిదీ అవుతుంది కాబట్టి, 1915లో కన్నుమూసిన గురజాడను, 1919లో కన్నుమూసిన వీరేశలింగాన్ని ఎవరైనా పంచవచ్చు. ఒక సర్వర్ మూతపడినా పుస్తకం మిగలాలంటే అది నాలుగు ఊళ్లలో, నలుగురి ఇళ్లలో ఉండాలి.

మూడో అడ్డంకి మన చేతిలో లేనిది. నెట్‌లో పాత తరహా అడ్రస్‌లైన ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం సుమారు 429 కోట్లే. అంతర్జాతీయ నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. దాంతో నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్లను ఒకే అడ్రస్ వెనక పెడుతున్నాయి. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ (బయటి నెట్ వైపు) అడ్రస్ 100.64 నుంచి 100.127 లోపు గానీ, 10, దాని వెంటనే చుక్కతో గానీ మొదలైతే మన ఇల్లూ అలాంటిదే. అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత జాగ్రత్తగా చేసినా పనిచేయదు. దీనికి అసలైన మందు కొత్త తరహా అడ్రస్‌లైన ఐపీవీ6. అందులో ప్రతి కంప్యూటర్‌కూ సొంత అడ్రస్ ఉంటుంది, ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్టుకు అనుమతి రాస్తే సరిపోతుంది. ఐపీవీ6 వాడకంలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది కాబట్టి ఇది గొంతెమ్మ కోరిక కాదు.

2017 డిసెంబర్ 27న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ నెట్ పథకం ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకు నెట్, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ పల్లెలకు నడిచింది. అప్పటి నుంచి మనం ఆపరేటర్‌ను అడుగుతున్నది డౌన్‌లోడ్ వేగం గురించే. నల్లచెరువైనా హిందూపురమైనా పెనుకొండైనా, ఇకపై కనెక్షన్ తీసుకునేవారు మరో మూడు అడగాలి: అప్‌లోడ్ వేగం ఎంత, ఐపీవీ6 ఇస్తారా, రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ మా చేతికిస్తారా. ఈ మూడింటికీ సరైన జవాబు ఇచ్చే ఆపరేటర్‌కే మీ నెల బిల్లు కట్టండి.