త్రైరాశికం రానోళ్ళ ఓటు

ప్రతి ఎన్నిక తర్వాతా యూనివర్సిటీ క్యాంటీన్లలో ఓ మాట వినబడుతుంది. రాజ్యాంగం గురించి నాలుగు ముక్కలు తెలియనోళ్ళకు ఓటెందుకు, చిన్న పరీక్ష పెట్టి పాసైనోళ్ళకే ఇస్తే పోలా అని. అనేవాళ్ళు మూర్ఖులు కారు, పీహెచ్‌డీలు చేసినోళ్ళు. అది విన్నప్పుడల్లా నాకు మా అవ్వ బొటనవేలు యాదికొస్తది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఆ పరీక్షలో నేను పాసవుతాను. నాట్లేసి, కలుపు తీసి నన్ను చదివించిన అవ్వ ఫెయిలవుతది. ఇట్లాంటి ఫలితం ఇచ్చే పరీక్ష అసలు దేన్ని కొలుస్తున్నట్టు?

ఈ ఆలోచన కొత్తదేం గాదు. ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగం చేసిన జాన్ స్టూవర్ట్ మిల్ 1861లోనే దీన్ని రాశాడు. ఓటరు ఇంగ్లీషు పుస్తకంలోంచి ఒక వాక్యం ఎక్కించాలి, త్రైరాశికం లెక్కొకటి చెయ్యాలి అన్నాడు. చదువుకున్నోళ్ళకు ఒకటికి మించి ఓట్లుండాలనీ అన్నాడు. అందరికీ చదువు చెప్పించడం ముందు జరగాలన్న మాట కూడా ఆయనదే. దాన్ని మాత్రం మనవాళ్ళు ఎత్తరు.

2016లో జేసన్ బ్రెన్నన్ అనే అమెరికన్ ప్రొఫెసరు ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా ఏకంగా పుస్తకమే రాశాడు. తెలిసినోళ్ళ పాలన కావాలంటాడు. పరీక్ష పెడితే పేదలు, నల్లవాళ్ళు ఎక్కువగా రాలిపోరా అన్న ప్రశ్నను ఆయన తప్పించుకోలేదు. తమకు ఏ విధానం మేలు చేస్తుందో తెలియనివాళ్ళకు ఓటున్నా లాభం లేదన్నది ఆయన జవాబు. అంటే మా మంచి మాకంటే వాళ్ళకే బాగా తెలుసన్నమాట. ఈ మాట మా ఊళ్ళో దొర గడీ ముందర మా తాతలు విన్నదే. వెట్టి చేయించుకున్నోడు కూడా మీ మేలు కోసమే అన్నడు.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళ మీద పెట్టిన పరీక్షలు దురుద్దేశంతో పెట్టినవి, మంచి ఉద్దేశంతో పెడితే వేరు అని కూడా వాదిస్తారు. సరే, ఆ చరిత్రే చూద్దాం. 1898లో లూసియానా అక్షరాస్యత షరతు పెట్టింది. 1867 జనవరి 1 నాటికి తండ్రికో తాతకో ఓటున్నోళ్ళకు మినహాయింపు ఇచ్చింది. ఆ తేదీకి బానిసల కొడుకుల్లో ఓటున్న తాత ఎవరికుంటాడు? అదే రాష్ట్రంలో 1964లో వాడిన ఒక పరీక్షలో 10 నిమిషాల్లో 30 ప్రశ్నలు. ఒక్కటి తప్పినా ఫెయిలే. 1965లో ఓటింగ్ హక్కుల చట్టం వచ్చి ఆ పరీక్షల్ని ఆపింది. మిసిసిపీలో అంతకుముందు నల్లవాళ్ళలో 7 శాతం లోపే ఓటర్లు. 1967 నాటికి దాదాపు 60 శాతం. రెండేళ్ళలో వాళ్ళ జ్ఞానం అంత పెరిగిందా? పెరగలేదు. గేటు తీశారు, అంతే. ప్రశ్న రాసేటోడు, దిద్దేటోడు ఎవరన్నదే అసలు ప్రశ్న.

మనదేశంలో దీనికి జవాబు 1929లోనే వచ్చింది. సైమన్ కమిషన్ కాలంలో బొంబాయి కమిటీ సభ్యుడుగా అంబేద్కర్ విడిగా నివేదిక ఇచ్చాడు. చదువురానోడు తెలివిలేనోడు అనుకోవడం ఒక తప్పు, చదువుకున్నోడికి తెలివి ఎక్కువనుకోవడం రెండో తప్పు అన్నాడు. మనుషుల్ని చదువుకు దూరం పెట్టి, చదువు లేదు గనక ఓటు లేదనడం పుండు మీద కారం చల్లడమేనని ఆయన వాదన సారం. 1951 లెక్కల్లో అక్షరాస్యత 18 శాతం. అయినా 1951-52లో 17 కోట్లకు పైగా ఓటర్లతో, పార్టీల గుర్తులతో ఎన్నికలు జరిగాయి. దేశం మునిగిపోలేదు.

అయినా గేటు మళ్ళీ పెట్టారు, ఈసారి పోటీ చేసేచోట. 2015లో హర్యానా పంచాయతీ చట్టం పోటీదారులకు పదో తరగతి, మహిళలకూ దళిత పురుషులకూ ఎనిమిది, వార్డు పంచ్ పదవికైతే దళిత మహిళలకు ఐదు అని గీత గీసింది. సర్పంచికి పదో తరగతి కావాలట, ఎమ్మెల్యేకు ఏమీ అక్కర్లేదట! ఆ డిసెంబరులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ సప్రేల ధర్మాసనం దాన్ని సమర్థించింది. మంచిచెడ్డల విచక్షణ చదువు వల్లనే వస్తుందన్నది. మరి బడి లేని వాడలో పుట్టడం ఎవరి తప్పు? ఇట్లాంటి చట్టాన్నే తెచ్చిన రాజస్థాన్ 2019లో తీసేసుకుంది.

ఓటరుకు ఎరుక అక్కర్లేదని నేనంటలేను. సారాకూ నోటుకూ ఓట్లు పోతున్న మాట నిజమే. కానీ ఆ నోట్లు కట్టలు కట్టి పంపేటోడు ఏ పరీక్షలోనైనా ఫస్టుక్లాసులో పాసయ్యేటోడే. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటూ సారా దుకాణం మీద తిరగబడ్డారు. ఊరూరా అంటుకున్న ఆ పోరాటానికి తలొగ్గి సర్కారు 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించింది. వాళ్ళకు ఓటు ముందొచ్చింది, అక్షరం తర్వాతొచ్చింది. అక్షరం అక్కడ ఓటుకు షరతు కాలేదు, తోడయింది.

మా అవ్వకు రాష్ట్రపతిని ఎవరు ఎన్నుకుంటారో తెలువదు. రేషను బియ్యంలో ఎన్ని కిలోలు మధ్యల మాయమయినయో తెలుసు. అసైన్డు భూమి పట్టా ఎవరి పెట్టెలోకి పోయిందో తెలుసు. ఆ ప్రశ్నలు ఏ పరీక్షలోనూ రావు, వస్తే ఫెయిలయ్యేది వేరేవాళ్ళు. పోలింగు బూతులో వేలుకు సిరా అంటిన ఆ ఒక్క రోజే ఊరి పెద్దలు మా వాడ దాకా నడిచొస్తారు. ఆ నడకను ఆపడానికే ఈ పరీక్ష.