మాటకు మాట లేని రచ్చబండ

ఇంటర్నెట్‌లో పోలిస్ అనే చర్చావేదిక తెరిచినవాళ్లకు స్క్రీన్ మీద కనిపించేది చాలా కొద్ది. పైన చర్చకు పెట్టిన విషయం, దాని కింద ఎవరో రాసిన ఒకే ఒక వాక్యం. వాక్యం కింద మూడు బటన్లు: ఒప్పుకుంటాను, ఒప్పుకోను, పాస్. ఏదో ఒకటి నొక్కగానే ఆ వాక్యం తప్పుకుని ఇంకొకటి వస్తుంది. మన మనసులో మాట ఇంకా ఎవరూ అనలేదనిపిస్తే మనమే ఒక వాక్యం రాసి ఆ వరసలో చేర్చవచ్చు. 140 అక్షరాలు దాటకూడదు, అంతే. ఎవరి మాటో చదివి ఒళ్లు మండి, నాలుగు తగిలిద్దామని చూస్తే రిప్లై బటన్ దొరకదు. ఎక్కడో దాచిపెట్టలేదు. అసలు పెట్టనేలేదు.

ఈ పనిముట్టు చేసినవాళ్ల పనితనం ఆ పెట్టకపోవడంతోనే మొదలవుతుంది. మాటకు మాట తెగులు, నీటికి నాచు తెగులు అని మన సామెత. మొన్న ఎండాకాలం మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ల ఖర్చు గురించి ఒకాయన ఒక ప్రశ్న అడిగాడు. పదో మెసేజీకల్లా అది ఎవరింట్లో ఎన్ని బాత్‌రూములున్నాయన్న లెక్కకు చేరింది. ఇరవయ్యోదానికి ఎవరిది ఏ పార్టీ అన్న ఆరాకు దిగింది. తెల్లారేసరికి ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. ట్యాంకర్ సంగతి మాత్రం తేలలేదు. ఊరు కూర్చుని మంచిచెడ్డలు మాట్లాడుకునే చోటునూ రచ్చే అంటాం, అక్కడ చెలరేగే గొడవనూ రచ్చే అంటాం. ఆ రెండూ ఎంత దగ్గరివో మన భాషకు ముందే తెలుసు.

సియాటిల్‌లో కోలిన్ మెగిల్, క్రిస్టఫర్ స్మాల్, మైకేల్ బ్యోర్కెగ్రెన్ పోలిస్‌ను తయారుచేశారు. అరబ్ దేశాల తిరుగుబాట్లు, వాల్ స్ట్రీట్ ఆక్రమణ ఉద్యమం జనాన్ని వీధుల్లోకి తెచ్చిన రోజులకు కొద్దిగా తర్వాతి సంగతి ఇది. వేలమందిని ఒకచోటికి చేర్చడం ఇంటర్నెట్‌కు అప్పటికే చేతనయింది. చేరినవాళ్లు ఏమనుకుంటున్నారో వినడమే ఎవరికీ చేతకాలేదు. మైకు ఒకటే, నోరున్నవాడిదే రాజ్యం. వాళ్ల కన్ను ఆ లోటు మీద పడింది.

రిప్లై తీసేస్తే విభేదించే హక్కు పోదా అని అనుమానం రావచ్చు. పోదు. ఒప్పుకోను అని నొక్కవచ్చు, వేరే వాక్యం రాయవచ్చు. అయితే ఆ వాక్యం ముందు మాటను ఆసరా చేసుకోలేదు. "నువ్వన్నది తప్పు" అని రాస్తే, విడిగా చదివేవాడికి ఆ నువ్వు ఎవరో, ఆ అన్నది ఏమిటో అర్థం కాదు. కాబట్టి ప్రతి వాక్యం తన కాళ్ల మీద తను నిలబడాలి. మనిషి మీదికి విసరాల్సిన మాట విషయం మీదికి మళ్లక తప్పదు. మర్యాదగా మాట్లాడండి అని బోర్డు కట్టనక్కర్లేకుండా, అరుగు కట్టిన తీరుతోనే ఆ పని చేయించుకున్నారు.

ఇక లోపలి లెక్క. దీన్ని మగ్గంలా ఊహించుకోవచ్చు. మనుషులు పడుగు, వాక్యాలు పేక. ఒక్కో మనిషీ ఒక్కో వాక్యమూ కలిసిన చోట ఒప్పుకోలో, కాదనడమో, పాసో ఒక గుర్తు పడుతుంది. అందరూ అన్నీ చదవరు కనుక ఖాళీలే ఎక్కువ. ఆ నేత నుంచి, ఒకే తీరుగా నొక్కినవాళ్లు దగ్గరదగ్గరగా, వేరుగా నొక్కినవాళ్లు దూరదూరంగా పడేలా ఒక పటం తయారవుతుంది. వందల వాక్యాల మీది అభిప్రాయాలను చదునైన తెర మీదికి దించడం ఎలా? చెట్టు నీడ నేల మీద పడ్డట్టే. ఏ కోణంలో వెలుగు పడితే కొమ్మలు బాగా విడివిడిగా కనిపిస్తాయో ఆ కోణాన్ని గణితం వెతికి పట్టుకుంటుంది. అప్పుడు గుంపులు వాటంతటవే తేలతాయి. మీరు ఏ పార్టీ, ఏ కులం, ఏ వయసు అని ఎవరూ అడగరు. నొక్కిన బటన్లే మనిషిని ఆ చోట కూర్చోబెడతాయి.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసిన అతుకు దీని తర్వాతిది. అందరికీ నచ్చిన మాట ఏదని తేల్చడానికి మామూలు పద్ధతి తలలు లెక్కపెట్టడం. ఒక గుంపులో 900 మంది, ఇంకో గుంపులో 100 మంది ఉన్నారనుకుందాం. ఒక వాక్యాన్ని మొదటి గుంపులో నూటికి 90 మంది, రెండోదానిలో నూటికి 10 మంది ఒప్పుకున్నారు. ఇంకో వాక్యాన్ని రెండు గుంపుల్లోనూ నూటికి 60 మంది చొప్పున ఒప్పుకున్నారు. తలలు లెక్కపెడితే మొదటిదానికి 820, రెండోదానికి 600. మొదటిదే గెలుస్తుంది. పోలిస్ ఆ రెండు గుంపుల పాళ్లను కూడిక చేయదు, హెచ్చవేస్తుంది. 0.9ని 0.1తో హెచ్చిస్తే 0.09. 0.6ని 0.6తో హెచ్చిస్తే 0.36. రెండోది నాలుగింతలు పైకి లేస్తుంది. కూడికలో మందిబలం చెల్లుతుంది. హెచ్చవేతలో ఏ ఒక్క గుంపు గట్టిగా కాదన్నా మొత్తం కిందికి జారుతుంది. పెద్ద గుంపు ఎంత పెద్దదైనా చిన్న గుంపు మీదుగా నడిచి పోలేదు. కూడిక గుర్తును కాస్త వంచి హెచ్చవేత గుర్తు చేసినంత పని, ఫలితం చూస్తే అంత దూరం.

ఈ పనిముట్టుకు అసలైన పరీక్ష తైవాన్‌లో ఎదురైంది. 2014 మార్చి 18న, చైనాతో సేవల వ్యాపార ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ విద్యార్థులు అక్కడి పార్లమెంటులోకి చొచ్చుకెళ్లి మూడు వారాలకు పైగా బైఠాయించారు. దాన్నే పొద్దుతిరుగుడు పూల ఉద్యమం అన్నారు. ప్రభుత్వ వెబ్‌సైట్ల చిరునామాల్లోని 'గవ్' (gov)లో 'o' అక్షరం తీసి సున్నా పెట్టి, గవ్ జీరో అని పేరు పెట్టుకున్న ప్రోగ్రామర్లు ఆ ఉద్యమానికి నెట్టు కనెక్షన్లూ ప్రత్యక్ష ప్రసారాలూ సమకూర్చారు. ఆ ఏడాది చివర జాక్లిన్ త్సాయ్ అనే మంత్రి వాళ్ల హ్యాకథాన్‌కే వచ్చి, జనంతో మాట్లాడే వేదిక కట్టిపెట్టమని అడిగారు. వీతైవాన్ అలా పుట్టింది. ఆ పనిలో ముందున్న ఆడ్రీ టాంగ్ 2016లో తనే మంత్రివర్గంలో చేరారు.

2015లో, పోలిస్‌ను వాడుకున్న ఆ వేదిక మీదికి ఊబర్ గొడవ వచ్చింది. టాక్సీవాళ్లది పొట్టకూటి బాధ, ఎక్కేవాళ్లది సౌకర్యం మీద మోజు. పోలిస్ పటంలో మొదట ఆ రెండు పక్షాలే ఎదురెదురుగా తేలాయి. తన వాక్యం పైకి రావాలంటే అవతలి గుంపూ ఒప్పుకోవాలని క్రమంగా అర్థమైంది. అక్కడి నుంచి వాక్యాల తీరు మారింది. ఊబర్‌ను నిషేధించాలా వద్దా అన్న మాటలు వెనక్కి తగ్గి, ప్రయాణికుల భద్రత, ఇన్సూరెన్సు, టాక్సీల నాణ్యత కూడా పెరగాలన్న మాటలు ముందుకొచ్చాయి. అధికారులూ ఊబర్‌వాళ్లూ టాక్సీ సంఘాలవాళ్లూ ప్రత్యక్ష ప్రసారంలో కూర్చుని, జనం కలిసి ఒప్పుకున్న ఆ మాటలకు సమాధానం చెప్పాల్సి వచ్చింది. 2016లో యాప్‌తో నడిచే కొత్తరకం టాక్సీలకు నిబంధనలు తయారయ్యాయి.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. జరిమానాలు పెరిగి 2017 ఫిబ్రవరిలో ఊబర్ అక్కడ సేవలు ఆపేసి, ఏప్రిల్‌లో అద్దెకార్ల కంపెనీలతో కలిసి తిరిగొచ్చింది. వీతైవాన్ తేల్చినదాన్ని ప్రభుత్వం పాటించి తీరాలన్న చట్టమూ లేదు. ఫోను లేనివాడి మాట ఈ పటంలో పడదు. చర్చను మొదలుపెట్టే తొలి వాక్యాలు ఎవరు రాస్తారన్నదీ చిన్న విషయం కాదు. ఉలి ఎంత పదునైనదైనా కర్ర ఎంచుకోవడం వడ్రంగి చేతిలోనే ఉంటుంది. అయినా ఈ ఉలిని దాచుకోలేదు. కోడ్ మొత్తం బయట పెట్టారు. ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, తమ ఊరికి తెచ్చుకోవచ్చు.

ఇదంతా చదివాక ఒక రాత్రి మా ట్యాంకర్ గొడవ మీద ఒక వాక్యం రాయబోయాను. షరతు ఒకటే, నాతో మాట్లాడడం మానేసిన మూడో అంతస్తువాళ్లు కూడా ఒప్పుకుంటాను అని నొక్కాలి. మొదటిది 'మీరు' అని మొదలైంది, కొట్టేశాను. రెండోదానిలో 'కొందరు' అన్న మాట పడింది. ఆ కొందరెవరో అందరికీ తెలుసు, అదీ కొట్టేశాను. మూడోది చూస్తే న్యాయం నా ఒక్కడి వైపే ఉంది. నాలుగోది ఇలా వచ్చింది: ట్యాంకర్ వచ్చిన ప్రతిసారీ ఎన్ని లీటర్లు పోశారో, ఎంత ఇచ్చామో లిఫ్టు పక్కన రాసిపెట్టాలి.