చెవి నరం నుంచి ఒక్క చుక్క

దేవణి ఆవు బీదర్ ఎండకూ పిడుదులకూ ఓర్చుకుంటుంది. సంకరజాతి ఆవు పాలు ఎక్కువిస్తుంది గాని, పిడుదు కుట్టి థైలేరియా అనే పరాన్నజీవి సోకిందంటే త్వరగా పడకేస్తుంది. భుజం ముందు బిళ్లలు కడతాయి, జ్వరం 105 డిగ్రీలు దాటుతుంది, పాలు తగ్గిపోతాయి. అప్పుడు డాక్టరు ముందుగా అడగవలసింది రెండు గాజు స్లైడ్లు, చెవి నరం నుంచి ఒక్క చుక్క నెత్తురు.

కర్ణాటకలోని బీదర్‌లో పశువైద్య కళాశాల ఉంది. 2004లో ఏర్పడ్డ రాష్ట్ర పశువైద్య విశ్వవిద్యాలయానికి కేంద్రం కూడా ఈ ఊరే. పశువైద్యం చదివే వాళ్లందరి చేతికీ రావలసిన పని ఈ నెత్తుటి పూత. చూడ్డానికి చాలా తేలిక. చెవి కొసన వెంట్రుకలు తీసి, స్పిరిట్‌తో తుడిచి, అది ఆరాకే సూది గుచ్చాలి. చుక్కను స్లైడ్ చివర పెట్టి, రెండో స్లైడ్‌ను ఏటవాలుగా ఆనించి, నెత్తురు అంచంతా పాకగానే ఆగకుండా ఒక్క తోపు తోయాలి. చేయి వణికితే గీతలు, స్లైడ్‌కు జిడ్డుంటే చిల్లులు. కుదిరిన పూత నాలుక కొసలా పలచబడుతుంది. కణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పరుచుకునేది అక్కడే. వెంటనే ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచి, గీమ్సా రంగులో అరగంటకు పైగా ఉంచుతారు. తర్వాత నూనె చుక్క వేసి, వెయ్యి రెట్లు పెంచి చూస్తే, అయిదారు మైక్రాన్ల ఎర్రకణంలో ఒకటి రెండు మైక్రాన్ల నీలి ఉంగరం. అదే థైలేరియా.

కణం కథ చెప్పేవాళ్లు కటకాల దగ్గరే ఆగిపోతారు. 1665లో రాబర్ట్ హుక్ బెరడులో చూసినవి ఖాళీ గోడలే. 1674లో లీవెన్‌హుక్ నెత్తుటి కణాలను చూశాడు. అయితే కణం లోపలి పరాన్నజీవిని తేలిగ్గా పట్టిచ్చింది రంగు. 1891 నాటి రొమనోవ్‌స్కీ పద్ధతి నుంచి పుట్టిందే గీమ్సా. నా లెక్కలో రంగువాళ్లకూ కటకాలవాళ్లంత పేరు రావాలి.

బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోదే. అది నిజాం రాజ్యంగా ఉన్నప్పుడే, సికింద్రాబాద్‌లో, 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో నల్ల రేణువులున్న గుండ్రటి కణాలను, అంటే మలేరియా పరాన్నజీవిని, చూశాడు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయని ఆయనే రాసుకున్నాడు. ఆయనకు 1902లో నోబెల్ వచ్చింది. పిడుదు పశువుకు జబ్బు మోస్తుందని స్మిత్, కిల్బోర్న్ అమెరికాలో 1893లోనే నిరూపించారు. వాళ్లను తలిచేవాళ్లు తక్కువ.

పిడుదు వల్లనే బెబీసియా కూడా వస్తుంది. అందులోనూ జ్వరమే, మూత్రం ఎర్రబడుతుంది. మందులు మాత్రం వేరు: థైలేరియాకు బుపర్వాక్వోన్, బెబీసియాకు డిమినాజిన్. ఏది ఇవ్వాలో స్లైడ్ తేలుస్తుంది. అందుకే బిళ్లలు కట్టిన ఆవుకు ఇంజెక్షన్ వేయించే ముందే నెత్తురు తీయించండి. మందు పడ్డాక తీస్తే ఆ ఉంగరాలు కనిపించకపోవచ్చు.