చూడొచ్చా? - ఒక మ్యాట్నీ ప్రేక్షకురాలి లెక్క

"ఆ సినిమా చూడొచ్చా?" అని మన ఇళ్ళల్లో అడిగే ప్రశ్న చాలా చిన్నది. పత్రికల్లో సమీక్షకులు రెండున్నర, మూడు అంటూ మార్కులు వేసి దానికి జవాబు చెప్పేశామనుకుంటారు. అదే ప్రశ్న ఒక ఆడమనిషి అడిగినప్పుడు అందులో ఇంకా చాలా ప్రశ్నలు దాగి ఉంటాయి. ఏ ఆటకి వెళ్ళాలి? పక్కన మావగారు కూర్చుంటే తల దించుకోవలసిన పాట ఉందా? ఆట వదిలాక ఆటో దొరుకుతుందా? అన్నిటికీ మించి, వంటా పిల్లలూ ఉద్యోగమూ సర్దుకుని ఎలాగో మిగుల్చుకున్న ఈ మూడు గంటలకీ ఆ సినిమా న్యాయం చేస్తుందా?

నేను సినిమా విమర్శకురాలిని కాను. విజయవాడలో పాఠాలు చెప్పుకునేదాన్ని. నెలకో, రెండు నెలలకో ఒక సినిమా, అదీ మ్యాట్నీయే చూస్తాను. హాల్లో దీపాలు ఆర్పాక ఆ మూడు గంటలూ నన్నెవరూ ఏమీ అడగరు. ఇంట్లో ఫోన్లో చూసే సినిమాకి ఆ సుఖం లేదు. కుక్కర్ విజిల్‌కి ఒకసారి, కాలింగ్ బెల్‌కి ఒకసారి ఆపుతూ దాన్ని మూడు రోజులు చూస్తాం. అందుకే హాలుకి వెళ్ళడం నాకు ఒక హక్కులా అనిపిస్తుంది.

బెజవాడకీ సినిమాకీ సంబంధం పాతది. పోతిన శ్రీనివాసరావు 1921లో ఇక్కడ మారుతీ హాలు కట్టారు. మహానటి కాకముందు సావిత్రి నాటకాలాడింది ఈ ఊళ్ళోనే. గాంధీనగర్ పంపిణీదారుల ఆఫీసులకి పెట్టింది పేరు. అప్పట్లో హాళ్ళ దగ్గర ఆడవాళ్ళకి వేరే క్యూ ఉండేది. పొద్దున్నుంచీ పనిచేసిన ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట చంటిపిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళు రెండో వారం, మూడో వారం వచ్చేవాళ్ళు. ఇంటికెళ్ళి పక్కింటావిడకి చెప్పేవాళ్ళు. సినిమా వంద రోజులు ఆడటంలో ఆ మాటకి పెద్ద భాగమే ఉండేది. నిర్మాతలు వీళ్ళని 'ఫ్యామిలీ ఆడియన్స్' అన్నారు. ఆ పేరులో స్త్రీ కనిపించదు, కుటుంబం కనిపిస్తుంది. అయినా ఆమెకి ఏది నచ్చుతుందోనన్న భయం ఉండేది.

ఇప్పుడా భయం తగ్గింది. కారణం లెక్కల్లో ఉంది. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వులో పల్లెటూరి హాళ్ళలో కనిష్ఠ టిక్కెట్టు 5 రూపాయలు. ఆ ధరకి హాలు నడవదన్న మాట నిజమే. 2022 మార్చిలో దాన్ని సవరించి 20 నుంచి 250 రూపాయల దాకా పెట్టారు. ఆ తర్వాత పెద్ద సినిమా వచ్చినప్పుడల్లా ప్రత్యేక ఉత్తర్వుతో ధర పెంచుకోవడం అలవాటైంది. 2024 డిసెంబరులో 'పుష్ప 2' ముందురోజు ఆటకి 800 రూపాయలు, పన్ను అదనం! పెట్టుబడి అంతా మొదటి నాలుగు రోజుల్లో రాబట్టుకోవాలి. నెల తిరిగేసరికి సినిమా ఓటీటీలో ఉంటుంది. మొదటి నాలుగు రోజుల్లో అర్ధరాత్రి ఆటకి ఈలలు వేస్తూ రాగలిగేదెవరు? సినిమా ఎవరి డబ్బుతో బతుకుతుందో వాళ్ళ చూపుతోనే తయారవుతుంది. మా ఇంట్లో పని చేసే కృష్ణలంక ఆవిడని ఏ సినిమా గురించి అడిగినా ఒకటే జవాబు: "టీవీలో వచ్చేదాకా ఆగుదామమ్మా." అది ఆమె అభిరుచి కాదు, ఆమె కూలి.

ఆగకుండా వెళ్ళినా భద్రత లేదు. అదే డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, కొడుకు ప్రాణాపాయ స్థితికి వెళ్ళాడు. ఆ తర్వాత చర్చంతా హీరో అరెస్టు చుట్టూ తిరిగింది. పిల్లలతో సినిమాకి వెళ్ళిన స్త్రీకి హాలు దగ్గర చోటుందా అన్న ప్రశ్న ఎవరికీ తోచలేదు.

సరే, లోపలికి వెళ్ళి కూర్చున్నాక ఏం చూశాం? 2025 సంక్రాంతికి 'డాకు మహారాజ్'లో ఒక పాట వచ్చింది. ఆ స్టెప్పుల్ని నృత్యం అనడానికి నాకు నోరు రావడం లేదు. మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ ఇలాంటి స్టెప్పుల మీద హెచ్చరిక జారీ చేయవలసి వచ్చింది. చూడొచ్చా? ఆ పాట కోసమైతే అక్కర్లేదు.

అదే పండక్కి 'సంక్రాంతికి వస్తున్నాం'కి జనం విరగబడ్డారు. మ్యాట్నీకి ఆడవాళ్ళు మళ్ళీ వచ్చారు. నేనూ నవ్వాను. ఐశ్వర్యా రాజేష్ వేసిన భాగ్యం గోదావరి మాట నోరారా మాట్లాడుతుంది. అయితే కథ ఏమిటి? భార్య ఒకవైపు, ఐపీఎస్ అధికారి అయిన మాజీ ప్రియురాలు ఒకవైపు, మధ్యలో మగాడు. అంత చదివి తుపాకీ పట్టిన స్త్రీని కూడా చివరికి సవతి పోరులోనే నిలబెట్టారు. నవ్వించారు కాబట్టి చూడొచ్చు. దేనికి నవ్వామో ఇంటికొచ్చాక ఒకసారి ఆలోచించుకోవాలి.

'కోర్ట్' (2025) మంచి ఉద్దేశంతో తీసిన సినిమా. పరువు పేరుతో ఒక పెద్దమనిషి పోక్సో చట్టాన్ని కుర్రాడి మీద ఎలా ప్రయోగిస్తాడో చూపించారు. ఇంట్లో ఆడపిల్లల బట్టల మీదా ఫోన్ల మీదా ఆ మంగపతి చేసే పెత్తనం మనందరికీ తెలిసిందే. నాకున్న అసంతృప్తి ఒకటే. వాదోపవాదాలన్నీ కుర్రాడి నిర్దోషిత్వం చుట్టూ నడుస్తాయి. ఆ అమ్మాయికి ఏం కావాలో అడగడానికి తెరమీద చాలా తక్కువ చోటు దొరికింది. అయినా తప్పక చూడొచ్చు.

'35 - చిన్న కథ కాదు' (2024) నా మనసుకి దగ్గరగా వచ్చింది. పదో తరగతి తప్పిన సరస్వతి కొడుక్కి లెక్కలు చెప్పడానికి తనే మళ్ళీ చదువు మొదలుపెడుతుంది. నివేదా థామస్‌కి గద్దర్ అవార్డు రావడం న్యాయం. ఒక్క సందేహం మాత్రం మిగిలింది. కొడుక్కి అవసరం రాకపోతే ఆమెకి పుస్తకం తెరిచే అనుమతి ఉండేదా? తల్లి అయితే తప్ప స్త్రీ చదువుకి కారణం దొరకదా?

ఆ ప్రశ్నకి కొంత జవాబు 'ది గర్ల్‌ఫ్రెండ్' (2025)లో దొరికింది. 2017లో 'అర్జున్ రెడ్డి' క్లాసులో అడుగుపెట్టి ఒక అమ్మాయి తనదని ప్రకటిస్తే హాలు ఊగిపోయింది. ఆ అమ్మాయి ఏమనుకుందో సినిమా అడగలేదు. రాహుల్ రవీంద్రన్ అడిగాడు. రష్మిక వేసిన భూమ సాహిత్యం చదవడానికి వచ్చి, ప్రియుడి గది ఊడవడంలో పడిపోతుంది. రోహిణి వేసిన అతని తల్లి దాదాపు నోరు విప్పదు. ఆ మౌనంలో భూమ తన ముసలితనాన్ని చూసుకుంటుంది. ఇక్కడ తిట్లూ దెబ్బలూ అవసరం లేకుండానే ఊపిరాడని ప్రేమ ఎలా ఉంటుందో కనిపిస్తుంది. మా క్లాసులో అమ్మాయిలు దీని గురించి ఒక పీరియడ్ మొత్తం మాట్లాడారు. "మేడమ్, మా వాడూ ఇంతే" అని ఒకమ్మాయి అంటే, కాసేపు ఎవరూ నవ్వలేదు. ఏ పాఠ్యపుస్తకంతోనూ నేను ఆ మాట రాబట్టలేకపోయాను.

మన సాహిత్య సభల్లో ఒక కథ మీద గంటలకొద్దీ చర్చిస్తాం. సినిమా అనేసరికి "అంతా చెత్తే" అని వదిలేస్తాం. మనం వదిలేసినంత మాత్రాన మన విద్యార్థినులు వదిలేయరు. ప్రేమంటే ఏమిటో, భరించడమంటే ఏమిటో వాళ్ళు అక్కడే నేర్చుకుంటున్నారు. మార్కులు వేసే పని సమీక్షకులు ఎలాగూ చేస్తారు. తెరమీద ఆమె ఎంతసేపు మాట్లాడింది, ఎవరి గురించి మాట్లాడింది, ఎవరి ఖర్చుతో మనం నవ్వాం అన్న లెక్క మనమే రాయాలి. మొదటి నాలుగు రోజుల గోల అణిగాక, రెండో వారం మ్యాట్నీకి వెళ్ళి, బయటికొచ్చి ఆ మాట గట్టిగా చెప్పాలి. ఒకప్పుడు మన అమ్మలు పక్కింటి గోడ మీంచి చేసిన విమర్శ అదే.