నరసాపురపు లేసుపని - ‘తీరిక’ అను మాట

మరియా మీస్ రచించిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అను గ్రంథము 1982లో వెలువడినది. దీనిని సామాన్యముగా స్త్రీల శ్రమను గూర్చిన గ్రంథముగనే చదువుదురు. వికలాంగుల హక్కులను గూర్చి విచారించువారు సైతము దీనిని చదువవలెనని మా అభిప్రాయము. అందులకు గల హేతువులను నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

గ్రంథకర్త్రి ప్రధాన ప్రతిపాదన యిది. నరసాపుర ప్రాంతమున లేసు అల్లు స్త్రీల పనితనము విదేశములలో అమ్ముడుపోవుచుండెను. ఐనను వారు పనివారుగా గాక గృహిణులుగా వ్యవహరింపబడిరి. వారి శ్రమకు ‘తీరిక పని’ యని పేరు వచ్చెను. ఆ పేరు కేవల వ్యవహారము కాదు. దాని మూలముననే కూలి తగ్గినది, యజమాని మరుగుపడినాడు. ఆ స్త్రీలే తమ పనిని తీరిక పని యందురు గదా యని కొందరు ఆక్షేపింపవచ్చును. అనుటకును అగుటకును భేదము కలదు. దినమున పెక్కు గంటలు సాగు పనిని తీరిక యనుట అర్థమునకు విరుద్ధము.

ఇక చట్టమును పరిశీలింతము. సేవాకాలమున వైకల్యము పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగింపరాదనియు, అవసరమైనచో తత్సమానమగు వేరొక పదవికి మార్పవలెననియు 1995 నాటి చట్టము శాసించినది. 2016 చట్టమును ఆ రక్షణను నిలిపినది. విధినిర్వహణలో కాలు కోల్పోయిన ఒక కానిస్టేబులును తొలగించుట చెల్లదని సుప్రీంకోర్టు 2003లో తీర్పు చెప్పినది. ఈ రక్షణ కంతకును ఆధారము ‘సేవ’ యను పదమే. సన్నని దారముపై ఏండ్ల తరబడి దృష్టి నిలిపి చూపు మందగించిన స్త్రీకి సేవాకాలమేది? తీరిక పనికి సేవాకాలము లేదు. కావున అందు కలిగిన నష్టమునకు బాధ్యుడును లేడు.

ఆమెకు మిగిలినది పింఛను. దానికి నలువది శాతము వైకల్యమున్నట్లు ధ్రువపత్రము కావలెను. కండ్లజోడుతో సరిపడు లోపము ఆ లెక్కకు రాదు. వీధిలో నడచుటకు చాలి, లేసు అల్లుటకు చాలని చూపు గలామె జీవనాధారమును కోల్పోయియు, పత్రము దృష్టిలో వికలాంగురాలు కాదు. శరీరమును కొలుచు పత్రము పనిని కొలువజాలదు.

పింఛనైనను స్థిరమైనది కాదు. సాంఘిక భద్రతా పథకములను ప్రభుత్వము తన ఆర్థిక సామర్థ్యమునకు లోబడి ఏర్పరుపవలెనని 2016 చట్టము చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశమున 2024లో వికలాంగుల పింఛను మూడు వేల నుండి ఆరు వేల రూపాయలకు పెరిగినది. 2025లో ధ్రువపత్రముల పునఃపరిశీలన జరిగి అనేకులకు నోటీసులు అందినవి. అనర్హులను ఏరివేయుట తప్పు కాదు. కాని వ్యయమునకు వెరచి చేయు పరిశీలనలో నిరూపణభారము నిజముగా అర్హులైనవారి పైననే పడును. ఉద్యోగి రక్షణ హక్కు. పింఛనుదారు రక్షణ బొక్కసమును బట్టి మారునది. ఈ భేదమునకు మూలము వైకల్యమున లేదు, పనికి పెట్టిన పేరున నున్నది.

నరసాపురపు లేసునకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. సరకు పేరునకు రక్షణ కలిగినది. అల్లినవారి పేరు పనివారి పట్టికలో చేరవలసియున్నది. మీస్ గ్రంథము ఆర్థికశాస్త్ర విద్యార్థులకే పరిమితము కారాదు. లేసుపనివారు తమ పనిని, కూలిని, చూపు తగ్గుటను ఏ మాటలతో చెప్పుకొందురో సేకరించుట తెలుగు పరిశోధకులు చేయదగిన పని. ఆ మాటలు లేనిదే న్యాయస్థానమునకు విన్నపము వ్రాయుటయు కష్టమే.